ఆన్‌లైన్ వెల్‌నెస్ కోర్సు క్యాన్సిల్ కావట్లేదు, ఎలా బయటపడాలి?

పద్మజ: పొద్దుట్నుంచీ ఇదే పని, తల పగిలిపోతోంది. ఆరు నెలల ఆన్‌లైన్ వెల్‌నెస్ కోర్సు, 59,000 రూపాయలు, "నో కాస్ట్ ఈఎంఐ" అని నెలనెలా కట్ చేస్తున్నారు. క్యాన్సిల్ చెయ్యమంటే "రీఫండ్ లేదు మేడమ్, మీరు టిక్ పెట్టారు" అని చాట్‌లో తొమ్మిదిసార్లు అదే మెసేజ్. యాప్‌లో క్యాన్సిల్ బటనే లేదు. 5వ తారీఖున మళ్ళీ డబ్బులు కట్ అవుతాయి. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రమణ: యూపీఐ యాప్‌లో ఆటోపే తీసెయ్యండి. అంతే.

శ్రీనివాస్: రమణ గారూ, ఆగండి. పద్మజ గారూ, డబ్బు ఎవరి పేరు మీద కట్ అవుతోంది? కోర్సు కంపెనీకా, ఫైనాన్స్ కంపెనీకా? "నో కాస్ట్ ఈఎంఐ" అన్నది చాలాసార్లు లోను, అంటే అప్పే. ఫైనాన్స్ వాళ్ళు మొత్తం ఫీజు కోర్సువాళ్ళకి ముందే ఇచ్చేసి, మీ దగ్గర నెలనెలా వసూలు చేసుకుంటారు. అప్పుడు ఆటోపే ఆపితే కోర్సు ఆగదు, లోను ఎగ్గొట్టినట్టవుతుంది. బౌన్స్ ఛార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు పడిపోతుంది. ఖాతాలో డబ్బు లేక మ్యాండేట్ (మీరిచ్చిన ఆటోపే అనుమతి) బౌన్సైతే 2007 పేమెంట్ చట్టం సెక్షన్ 25 కింద చెక్ బౌన్స్ లాంటి కేసు కూడా వెయ్యొచ్చు. చేరి ఎన్ని రోజులైంది?

ప్రభాకర్: అసలు సంగతి వదిలేశారు. షుగర్ తగ్గిస్తామని ప్రకటన ఇచ్చారా? 1954 డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో, అంటే రోగాల జాబితాలో, డయాబెటిస్ ఉంది. నయం చేస్తామని ప్రకటించడమే నేరం. ముందు దాని మీద ఫిర్యాదు పెట్టండి.

లలిత: ప్రభాకర్ గారూ, ఆ చట్టం మందులకీ తాయెత్తుల లాంటివాటికీ. డైట్, వ్యాయామం క్లాసులకి అతకదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల చట్టంలో సెక్షన్ 2(28) చాలు.

ప్రభాకర్: చూర్ణం కిట్టు పంపి ఉంటే అతుకుతుంది.

రవి: 14 రోజుల్లో ఎవరైనా వెనక్కి ఇవ్వాల్సిందే కదా? జర్మనీలో అంతే.

లలిత: అది యూరప్ రూలు. మన దగ్గర అన్ని ఆన్‌లైన్ కోర్సులకీ వర్తించే అలాంటి హక్కు లేదు.

పద్మజ: కిట్టు ఏమీ రాలేదండీ. మెసేజ్‌లో వేరే కంపెనీ పేరుంది, లోనే అనుకుంటా. చేరి 19 రోజులైంది, నాలుగు క్లాసులు చూశాను. పర్సనల్ డైటీషియన్ అన్నారు, ఒక్క కాల్ కూడా రాలేదు.

శ్రీనివాస్: డైటీషియన్ విషయమే మీ బలం, ముందే చెప్పాల్సింది. లోను తీసుకున్నప్పుడు వచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోను ఖర్చులు, షరతులు రాసిన కాగితం) తీయండి. అందులో కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపలైతే అసలు, వాడుకున్న రోజులకి మాత్రం వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా లోను వదిలించుకోవచ్చు. 19 రోజులకి అది దాటిపోయే ఉంటుంది, అయినా చూడండి.

దాటిపోతే కోర్సువాళ్ళకీ, ఫైనాన్స్ వాళ్ళకీ ఒకే మెయిల్ పెట్టండి. లోను నంబరు, చేరిన తేదీ, ఇస్తామన్నవి, ఇవ్వనివి రాసి, ఈ రోజు నుంచి రద్దు చెయ్యమనండి. లెక్క కూడా మీరే వెయ్యండి: 180 రోజులకి 59,000 అంటే 19 రోజులకి దాదాపు 6,230. మిగతా 52,770 మీ ఖాతాకి కాదు, లోను ఖాతాకి పంపాలని స్పష్టంగా రాయండి. మీ చేతికొచ్చిన డబ్బు ఖర్చయిపోతే లోను అలాగే మిగిలిపోతుంది. చివర్లో లోను ముగిసినట్టు లెటర్ అడగండి. ఫీజులో కలిసి ఉన్న జీఎస్టీ 9,000 ప్రభుత్వానికి కట్టేశాం, రాదంటారు. నమ్మకండి, వాళ్ళు క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించినట్టు కాగితం) ఇచ్చి సర్దుకోవచ్చు. 5న వాయిదా మాత్రం కట్టండి, అభ్యంతరంతో కడుతున్నానని మెయిల్లో రాయండి.

కిరణ్: జిల్లా వినియోగదారుల ఫోరంలో "అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్" (ఏకపక్ష షరతుల ఒప్పందం) అని కేసు వెయ్యండి.

లలిత: అలా వేస్తే ఇరుక్కుంటారు. అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ వాదన వినే అధికారం రాష్ట్ర కమిషన్‌కి, ఆ పైన జాతీయ కమిషన్‌కే ఉంది. జిల్లాలో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని వెయ్యాలి. 5 లక్షల వరకు ఫీజు లేదు, మీరుండే ఊళ్ళోనే వెయ్యొచ్చు, గడువు రెండేళ్ళు.

కిరణ్: ఫోరం, కమిషన్ ఒకటే కదండీ.

లలిత: 2020 జూలై నుంచి కమిషనే. పిటిషన్‌లో పాత పేరు రాయకండి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి.

శ్రీనివాస్: ఫైనాన్స్ వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్ళొచ్చు. ఫోన్‌లో మాట్లాడకండి, అన్నీ రాతలోనే.

పద్మజ: మెయిల్ పెట్టాను. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ దొరకలేదు, వాళ్ళనే అడిగా. థాంక్స్ అండీ.

ప్రభాకర్: ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీశారా? తీసేస్తే మళ్ళీ దొరకదు.