పెళ్లి ఫొటోల మీదే కంట్రోల్ ఎస్ కొట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

కల్వకుర్తి కొత్త డిజైనర్
అందరికీ నమస్తే. స్టూడియోలో చేరి 20 రోజులైంది. నిన్న పెళ్లివాళ్లు వాట్సాప్‌లో ఫొటోలు పంపమన్నారు. 40 ఫొటోలు ఫొటోషాప్‌లో తెరిచి, ఇమేజ్ సైజ్‌లో 800 పిక్సెల్స్‌కు తగ్గించి, వరసగా కంట్రోల్ ఎస్ కొట్టి మూసేశాను. రాత్రి ఆల్బమ్‌లోకి లాగితే అన్నీ గళ్లుగళ్లుగా పగిలిపోతున్నాయి. సార్‌కు ఇంకా చెప్పలేదు, టెన్షన్‌తో అన్నం సయిస్తలేదు. పాతవి తిరిగి వస్తాయా? సేవ్‌కు, సేవ్ యాజ్‌కు తేడా ఏంటి? ప్రింటింగ్ ల్యాబ్‌కు ఫొటోషాప్ సొంత ఫైలు పీఎస్‌డీ ఇవ్వాలా, మామూలు ఫొటో ఫైలు జేపెగ్ ఇవ్వాలా? ఫోల్డర్లు ఎట్లా పెట్టుకోవాలి?

దేవరకొండ కెమెరా
చెల్లె, ఫైలు మూయకముందైతే సేవ్ కొట్టినా హిస్టరీలో వెనక్కి పోవచ్చు. మూశాక లాభం లేదు. ముందు కెమెరా కార్డు ఎక్కడుందో వెతుకు. ఫార్మాట్ చేసి ఉన్నా ఏడవకు, కానీ దాంతో ఇంకొక్క ఫొటో కూడా తీయనీయకు. ఫొటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మా తమ్ముడి బిడ్డ తొట్టెల ఫొటోలు అట్లనే తీసుకున్నా. ఫైళ్ల పేర్లు పోయి నంబర్లతో వచ్చాయి, అంతే.

పాలమూరు ఆల్బమ్స్
కొత్తవాళ్లకు మొదటి నెల మౌస్ ఇవ్వొద్దని అందుకే అంటాను. నేను 2003 నుంచి ఫొటోషాప్ సెవెన్ మీద ఉన్నా. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీట్లు ఎన్ని వేశానో లెక్కే లేదు. ల్యాబ్‌కు జేపెగ్, క్వాలిటీ 12, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 10800 బై 3600 పిక్సెల్స్. పీఎస్‌డీ మన దగ్గరే ఉండాలి. ఇంకోటి గుర్తుపెట్టుకో అమ్మా, జేపెగ్‌ను ఊరికే తెరవొద్దు. తెరిచినప్పుడల్లా కొంచెం కొంచెం క్వాలిటీ పోతుంది.

క్లాక్‌టవర్ నల్లగొండ
తెరిస్తే ఎందుకు పోతుందన్నా? చూసి మూసేస్తే ఫైలులో ఏదీ మారదు. మళ్లీ సేవ్ చేసినప్పుడే మళ్లీ కుదిస్తుంది, అక్కడ పోతుంది.

పాలమూరు ఆల్బమ్స్
తమ్మీ, నువ్వెన్ని పెళ్లిళ్లు చేశావు?

క్లాక్‌టవర్ నల్లగొండ
నా పెళ్లే కాలేదు. దానికీ జేపెగ్‌కూ ఏం సంబంధం? ఒక ఫొటో ప్రాపర్టీస్‌లో బైట్లు రాసుకో. వందసార్లు తెరువు, మూయి. మళ్లీ బైట్లు చూడు.

పాలమూరు ఆల్బమ్స్
బైట్లు కస్టమర్ చూడడు, మొఖం చూస్తాడు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టినా తగ్గుతుంది. ఊళ్ల నుంచి తెచ్చే ఫొటోలు మబ్బుగా ఉండటం నా కళ్లతో చూశా.

క్లాక్‌టవర్ నల్లగొండ
అవి వాట్సాప్‌లో దిగినవి. పంపేటప్పుడు వాట్సాపే కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమను, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కాపీ కొడితే తగ్గేదుంటే బ్యాంకు లెక్కలన్నీ ఈపాటికి సున్నా అయ్యేవి.

సూర్యాపేట ఫ్లెక్సీ
మీ పంచాయితీ ఆపండి. నా గోస వినండి. పెద్దగట్టు జాతర ముందురోజు ఒకాయన పీఎస్‌డీ తెచ్చాడు, 20 బై 10 అడుగులు. మా సిస్టమ్‌లో ఆ అను తెలుగు ఫాంట్ లేదు. టెక్స్ట్ లేయర్లు (అక్షరాల పొరలు) అప్‌డేట్ చేయాలా అని ఫొటోషాప్ అడిగింది, మావాడు అప్‌డేట్ నొక్కాడు. 14 మంది నాయకుల పేర్లు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలయ్యాయి! అను యూనికోడ్ కాదు కదా, ఇంగ్లిష్ అక్షరాల మీదే తెలుగు రూపాలు పెడుతుంది, ఫాంట్ లేకపోతే అంతే. మళ్లీ టైప్ కొట్టేసరికి తెల్లారింది. పేర్లలో వరస తప్పిందని ఇంకో లొల్లి.

దేవరకొండ కెమెరా
అప్‌డేట్ నొక్కకుండా ఉంటే పాత రూపంలోనే కనిపించేది. పంపేవాళ్లనే టెక్స్ట్ రాస్టరైజ్ చేసి, అంటే అక్షరాలను బొమ్మగా మార్చి పంపమనాలి.

సూర్యాపేట ఫ్లెక్సీ
రాస్టరైజ్ చేశాక ‘రెడ్డి గారు’లో గారు లేదంటే ఎట్లా దిద్దాలి? రెండు ఫైళ్లు తెమ్మంటా, ఒకటే తెస్తారు. ఇంకొకాయన అదే ఫ్లెక్సీని 300 డీపీఐలో చేయమంటాడు. 72 వేల పిక్సెల్స్ వెడల్పు! పీఎస్‌డీ 30 వేల దగ్గరే ఆగిపోతుంది. ఆపైన పెద్ద ఫైళ్లకు వాడే పీఎస్‌బీ కావాలి, మా ఫొటోషాప్ సెవెన్‌కు దాని పేరే తెలియదు. 72 డీపీఐలో 17,280 పిక్సెల్స్ వస్తుంది. రోడ్డు మీద నిలబడి చూసేదానికి అది చాలదా?

గద్వాల జింప్
జింప్ అని ఫొటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది వాడండి. అందులో సేవ్ కొడితే దాని సొంత ఫైలు ఎక్స్‌సీఎఫ్‌గానే అవుతుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. 2012లో వచ్చిన 2.8 వెర్షన్ నుంచి ఇంతే. ఈ అమ్మాయికి ఈ కష్టమే వచ్చేది కాదు.

క్లాక్‌టవర్ నల్లగొండ
ఫైల్ మెనూలో ఓవర్‌రైట్ అని ఒకటుంది కదా. అది నొక్కితే జింప్‌లోనూ ఇదే గతి.

జడ్చర్ల 24
అన్నా, నాకు కొత్త ఫొటోషాప్‌లో లేయర్లు ఉంటే సేవ్ యాజ్‌లో జేపెగ్ కనిపిస్తలేదు. పాడైందా?

దేవరకొండ కెమెరా
పాడవలేదు. 2021లో మార్చారు. సేవ్ ఎ కాపీలో చూడు. పాత పద్ధతే కావాలంటే ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్‌కు పోయి లెగసీ సేవ్ యాజ్ టిక్ పెట్టు. ఆటో రికవరీ 10 నిమిషాలు ఉంటుంది, 5 చేసుకో. మన కరెంటుకు 10 ఎక్కువ.

హుజూర్‌నగర్ టీచరమ్మ
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. అప్లికేషన్‌కు ఫొటో 50 కేబీ లోపు అడుగుతున్నారు. నెట్ సెంటర్‌లో తగ్గించి ఇచ్చింది చూస్తే నా మొహం నాకే గుర్తుపట్టరాలేదు.

సూర్యాపేట ఫ్లెక్సీ
మేడం, ముందు పాస్‌పోర్ట్ సైజుకు, 413 బై 531 పిక్సెల్స్‌కు కట్ చేయమనండి. తర్వాత సేవ్ ఫర్ వెబ్‌లో ఆప్టిమైజ్ టు ఫైల్ సైజ్ అని ఉంటుంది, 45 కొట్టమనండి. మీవాళ్లు సైజు తగ్గించకుండా క్వాలిటీ సున్నాకు లాగి ఉంటారు.

కల్వకుర్తి కొత్త డిజైనర్
కార్డు దొరికింది! సార్ బ్యాగులోనే ఉంది, ఫార్మాట్ కూడా చేయలేదు. 40లో 37 దొరికాయి. మిగతా మూడు రెండో కెమెరావి, ఆ కార్డుతో నిన్ననే ఇంకో ఫంక్షన్ తీశారు, ఫొటోరెక్‌కు కూడా చిక్కలేదు. ఆ మూడూ తలంబ్రాలవే. సార్ అరగంట తిట్టి, చాయ్ తెమ్మన్నారు. వీడియోలోంచి ఫ్రేములు తీస్తారట. ఫోల్డర్ల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

దేవరకొండ కెమెరా
ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, ఆ తర్వాత ఇంటిపేరు, ఊరు. అప్పుడు వరసలో ఉంటాయి. లోపల నాలుగు: అసలు, పని, ల్యాబ్, వాట్సాప్. ‘అసలు’ మీద ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెట్టి, లోపలి ఫైళ్లకు కూడా వర్తించమను. కంట్రోల్ ఎస్ కొట్టినా ఫైల్ లాక్ అయిందని ఆపేస్తుంది. సేవ్ యాజ్ అంటే ఇంకో పేరుతో ఇంకో చోట రాయడం. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

క్లాక్‌టవర్ నల్లగొండ
పాలమూరు అన్నా, వందసార్లు తెరిచావా?

పాలమూరు ఆల్బమ్స్
ముప్పై నాలుగు అయ్యాయి. కరెంటు పోయింది.