పిల్లల దుకాణం మేళాలో స్టాలు పెట్టమంటున్నారు, ఎలా చేస్తే మనుషులు ఆగుతారు?

పాలకొల్లు సిస్టర్:

అందరికీ నమస్కారం. పదకొండేళ్లు ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసి, బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డకు పాలు పట్టించడం నేర్పుతున్నాను. నెలకు రెండు ఆదివారాలు గర్భిణులకు కాన్పు గురించి తరగతి కూడా చెబుతాను. ఇంతవరకు నా దగ్గరకు వచ్చినవాళ్లందరూ ఒకరు చెబితే ఒకరు వచ్చినవాళ్లే.

భీమవరంలో ఒక పిల్లల సామాన్ల దుకాణం ఆగస్టు మొదటి ఆదివారం మేళా పెడుతోంది. ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు కనుక కలిసివస్తుందని, దుకాణం యజమాని నన్ను స్టాలు పెట్టుకోమన్నారు. అద్దె లేదు. బల్ల, రెండు కుర్చీలు, ఫ్యాను ఆయనే ఇస్తారట.

వెనకాడడానికి కారణం పోయిన ఏడాది అనుభవం. వేరే ఊళ్లో ఇలాంటి మేళాలోనే ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నాను. 300 కరపత్రాలు అచ్చు వేయించుకుని వెళ్లాను. సాయంత్రం బయటికి వచ్చి చూస్తే సగం స్కూటర్ల చక్రాల కింద ఉన్నాయి. రోజంతా నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు: డైపర్ల ఆఫరు ఎక్కడ, బాత్రూము ఎటు. ఒక్క అమ్మాయి మాత్రం ఆగింది. ఆరేడు నెలల గర్భిణి. కరపత్రంలో రెండు వరుసలు చదివింది, పక్కనే మామగారు నిలబడి ఉండడం చూసింది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుని వెళ్లిపోయింది. ఆ అమ్మాయిని ఏమనగలను? నేను మాత్రం ఏం తక్కువ? రొమ్ము అన్న మాట రాయడానికి జంకి, బోర్డు మీద 'స్తన్యపాన సలహా కేంద్రం' అని రాయించాను. ఆ మాట మా అమ్మకే అర్థం కాలేదు.

ఈసారి ఇంకో మెలిక ఉంది. పాలసీసాల సెట్టు మీద పది శాతం తగ్గింపు కూపన్లు నా బల్ల మీద పెట్టి, వచ్చినవాళ్లకు నా చేత్తోనే ఇమ్మంటున్నారు యజమాని. "తల్లులు మీ మాటైతే వింటారండి" అన్నారు. మనిషి మంచివారే. ఊరికే చోటు ఇస్తున్నప్పుడు కాదనడానికి మొహమాటంగా ఉంది. ఏం చేయమంటారు?

నల్లకోటు, కాకినాడ:

సిస్టర్ గారూ, ఆ కూపన్లు మాత్రం ముట్టుకోకండి. పాలపొడి, పాలసీసాలు, రెండేళ్ల లోపు పిల్లలకు పెట్టే డబ్బా ఆహారం, ఈ మూడింటికీ ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో సవరించి ఇంకా బిగించారు. అమ్ముకోవడం తప్పు కాదు. ప్రకటన, ఉచిత నమూనా, కొనిపించడానికి ఆశ చూపే కానుక లేదా తగ్గింపు, ఇవీ తప్పు. మూడేళ్ల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. యజమానికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, చాలామందికి తెలియదు.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. ఇవి అమ్మేవాళ్లు ఆరోగ్య కార్యకర్తలకు నేరుగా గానీ చాటుగా గానీ కానుకలు, డబ్బు లాభం ఇవ్వకూడదని కూడా అదే చట్టంలో ఉంది. ఉచిత స్టాలు దాని కిందకు వస్తుందా రాదా అని ఇద్దరు వకీళ్లు సాయంత్రం దాకా వాదించుకోగలరు. మీకెందుకు ఆ గొడవ? ఎంతో కొంత అద్దె కట్టి రసీదు తీసుకోండి. మొహమాటం కూడా ఆ రసీదుతోనే తీరుతుంది.

ఉగ్గుగిన్నె, రావులపాలెం:

అక్కా, నేను ఇలాంటివి నాలుగైదు చేశాను. కరపత్రాల డబ్బు దండగ. బల్ల వెనక కుర్చీలో కూర్చుంటే బ్యాంకులో గుమాస్తాలా కనిపిస్తాం, ఎవరూ రారు. నిలబడి చేతులతో ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. నేను తెల్లటి మేజోడులో దూది కుక్కి, మొన దగ్గర గోధుమరంగు దారంతో కుట్టి రొమ్ము తయారు చేసుకున్నాను. ఒక ప్లాస్టిక్ పాప బొమ్మ. బిడ్డ నోరు పెద్దగా తెరిచాక మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి అని ఆ బొమ్మతో చూపిస్తాను. ఎంత చెప్పినా ఎక్కనిది అది చూస్తే అర్థమవుతుంది. మొనలు పగిలి ఏడ్చేవాళ్లలో చాలామందికి తేడా వచ్చేది అక్కడే.

రెండోది వెండి ఉగ్గుగిన్నె. ఆ పక్కన ఒక చెంచా, గ్లాసులో నీళ్లు. "మొదటి రోజు బిడ్డ ఒక్కసారికి ఎన్ని పాలు తాగుతుందో ఇందులో పోయండి" అని పెద్దావిడల చేతికే గ్లాసు ఇస్తాను. అందరూ సగం గిన్నె పోస్తారు. అప్పుడు అది ఒంపేసి, చెంచాతో కొలిచి పోస్తాను. ఒక చెంచా, మహా అయితే రెండు. ముర్రుపాలు అంతే వస్తాయి, బిడ్డకు కావలసిందీ అంతే. "పాలు పడలేదు, పంచదార నీళ్లు పట్టండి" అనేది వాళ్లే కనుక, చూడవలసింది వాళ్లే.

మీ బేరం కోడలితో కాదక్కా, ఆమె కన్నతల్లితో. మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే కదా. ఏడో నెలలో సీమంతం అయ్యాక వస్తుంది, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక వెళ్లిపోతుంది. మీ అవసరం పడేది ఆ నాలుగు గోడల మధ్యే. ఫోను నంబరు అమ్మమ్మది రాసుకోండి. దుకాణంలో పాలసీసాల వైపు వద్దు, ఉయ్యాలలు పెట్టిన వైపు చోటు అడగండి. ఉయ్యాల కొనడానికి వచ్చేది అమ్మమ్మే. మామగారు అటు రారు.

పాలు పడతాయని బాలింతకు పెట్టే పాలసొర చేప పిట్టు గురించి తప్పకుండా అడుగుతారు. మొదటి మాటే వద్దంటే లేచి వెళ్లిపోతారు. పాలు పెరిగేది బిడ్డ చప్పరించిన కొద్దీ అని చెప్పి, సొరలో పాదరసం ఎక్కువ కనుక చిన్నచేపల పులుసు పెట్టమనండి.

కొట్టు నాయుడు, అమలాపురం:

నేను దుకాణం నడిపేవాడిని, అటు వైపు మాట చెబుతాను. కూపన్లు ఉత్తినే వద్దంటే ఆయన నొచ్చుకుంటారు. బదులు ఒకటి చూపించండి. పాలిచ్చే తల్లుల నైటీలు, మెత్తటి గుడ్డ లంగోటీలు, పాలిచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకునే దిండ్లు, వీటి మీద తగ్గింపు ఇమ్మనండి. వీటికి ఆ చట్టంతో పని లేదు, పైగా సీసాల కన్నా లాభం ఎక్కువ. ట్రయల్ రూములో ఒక కుర్చీ వేసి తలుపు మీద 'బిడ్డకు పాలివ్వడానికి' అని రాయమనండి. బిడ్డ ఏడ్చిందని ఇంటికి వెళ్లిపోయే బేరం కొట్లోనే నిలుస్తుంది. ఆ లెక్క ఏ వ్యాపారికైనా ఎక్కుతుంది.

పాలకొల్లు సిస్టర్:

మేళా అయిపోయింది. 500 రూపాయలు అద్దె కట్టి రసీదు తీసుకున్నాను. యజమాని మొదట నవ్వారు, చట్టం సంగతి చెప్పాక నవ్వలేదు. కూపన్ల కట్ట కౌంటరు కిందికి వెళ్లిపోయింది. నాయుడు గారి లెక్క బాగా పనిచేసింది, ట్రయల్ రూములో కుర్చీ ఇప్పటికీ ఉందట.

బోర్డు మీద ఈసారి ఒక ప్రశ్నే రాయించాను: 'ఆపరేషన్ కాన్పు అయితే పాలు పడవా?' 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వందకు 42 కాన్పులు ఆపరేషన్లే. అది చదివి ఆగని అమ్మమ్మ లేదు.

మధ్యాహ్నం వీరవాసరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉగ్గుగిన్నె నిండా పోసింది. నేను ఒంపేసి రెండు చెంచాలు కొలిచాను. గిన్నె అడుగున తడిసీ తడవనట్టున్న ఆ నీళ్లను వెలుతురుకు ఎత్తి చూసి, "ఈపాటి దానికా మా పెద్దదాని బిడ్డకు మూడు రోజులు పంచదార నీళ్లు పట్టాను" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డైపర్ల వైపు తిరిగి, "అమ్మాయీ, అవి అక్కడ పడేసి ఇలా రా" అని కేకేసింది. తొమ్మిదో నెల పడిన చిన్న కూతురు. పాప బొమ్మను తల్లీ కూతుళ్లిద్దరూ చెరో రెండుసార్లు ఎత్తుకుని చూశారు.

పుస్తకంలో 14 నంబర్లు వచ్చాయి. వాటిలో ముగ్గురు తరగతికి వచ్చారు. మొన్న గురువారం ఆ పెద్దావిడ ఫోను చేసింది: "ఆపరేషన్ అయిందండి. బిడ్డ పట్టడం లేదు, మీరు చెప్పినట్టే పాలు గిన్నెలోకి పిండి పడుతున్నాను. ఎన్ని గంటలకు వస్తారు?"

ఉగ్గుగిన్నె చెల్లీ, ఆ మేజోడు రొమ్ము కుట్టే పద్ధతి కాస్త వివరంగా రాస్తావా? నేను కుట్టింది మొన దగ్గర విడిపోయి దూది బయటికి వస్తోంది.