కొత్త కారుతో మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే దూరప్రయాణం చేయవచ్చా?

ప్రశ్న:
మేము ఈమధ్యే మాన్యువల్ గేర్ల పెట్రోలు కారు తీసుకున్నాము. మీటరు ఇంకా 200 కూడా దాటలేదు. ఇంతలో హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరానికి పెళ్లికి వెళ్లవలసి వచ్చింది. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా హైవే ఎక్కించవద్దని మా మామయ్యగారు, ఏ ఇబ్బందీ లేదని షోరూము వారు అంటున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
నిరభ్యంతరంగా వెళ్లండి, కానీ నడిపే తీరులో జాగ్రత్త అవసరం. కొత్త ఇంజనులో సిలిండరు గోడల మీద కావాలనే సన్నని గీతలు పెడతారు. పిస్టన్ రింగులు వాటితో ఒరుసుకుని చక్కగా అమరితేనే లోపలి ఒత్తిడి కిందికి జారిపోకుండా, ఆయిలు పైకి చేరి కాలిపోకుండా ఉంటుంది. ఆ అమరిక కుదరాలంటే ఇంజను మీద పడే భారం మారుతూ ఉండాలి. అందుచేత సూర్యాపేట దాటాక రోడ్డు ఖాళీగా ఉంది కదా అని గంటల తరబడి ఒకే వేగంతో పోనివ్వకండి. 70కీ 90కీ మధ్య మారుస్తూ వెళ్లండి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కకండి. మెల్లగా నడిపితే చాలుననుకుని ఐదో గేరులో 40 మీద ఈడ్చేవారూ ఉన్నారు. నా దృష్టిలో అది అంతకంటే చెడ్డ అలవాటు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) హద్దు రాసి ఉంటే దానినే పాటించండి.

రెండవ సమాధానం:
పై వారు ఇంజను సంగతి చెప్పారు కాబట్టి నేను బ్రేకుల గురించి చెబుతాను. కొత్త ప్యాడ్లు డిస్కులకు ఒదిగేదాకా పూర్తి పట్టు ఇవ్వవు, కొత్త టైర్లూ అంతే. కనుక ముందు వెళ్లే లారీకి మామూలుకంటే ఎక్కువ ఎడం ఉంచండి. బయలుదేరే రోజు ఉదయం, ఇంజను చల్లగా ఉండగానే, చదునైన చోట డిప్‌స్టిక్ (ఇంజను ఆయిలు మట్టం చూసే కడ్డీ) తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీసి చూడండి: ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండాలి. తిరిగి వచ్చే ముందు కూడా ఇలాగే చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. రానుపోను కలిపితే మీటరు వెయ్యి దాటుతుంది. మరి మొదటి సర్వీసు ముందే చేయించాలా?

మూడవ సమాధానం:
అవసరం లేదు. చాలా కంపెనీలు 1000 కిలోమీటర్లు లేదా ఒక నెల, ఏది ముందైతే అది అంటాయి. కొద్దిగా దాటవచ్చునేమో షోరూములో ముందే అడిగి, వచ్చీ రాగానే ఇవ్వండి. చాలా కార్లకు ఆ సర్వీసులో తనిఖీయే తప్ప ఆయిలు మార్చరు. ఇంకొక మాట: సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉంటే, పెళ్లి హడావిడిలో బయట దొరికే మామూలు సీటు కవర్లు తొడిగించకండి, ప్రమాద సమయంలో అవి ఎయిర్‌బ్యాగుకు అడ్డుపడగలవు.