నలభై ఏళ్లు దాటిన డ్రైనేజీ లైను: అతుకు వేయించాలా, మొత్తం మార్పించాలా?

మారేడుపల్లి గృహస్థుడు:

సికింద్రాబాద్‌లో మా నాన్నగారు 1984లో కట్టించిన ఇంట్లో మేము ఉంటున్నాము. వెనుక బాత్‌రూముల నుంచి ఇంటి పక్క సందు గుండా వీధి మ్యాన్‌హోల్ వరకు సుమారు 12 మీటర్ల పొడవున నాలుగంగుళాల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపు వేసి ఉంది. గడచిన రెండేళ్లుగా వానాకాలం వచ్చిందంటే చాలు, సందు మధ్యలోని ఛాంబర్ నిండిపోయి, కింది అంతస్తు నహానీ ట్రాప్‌లో (బాత్‌రూము నేల మీది నీళ్లు పోయే జాలీలో) నుంచి మురుగు పైకి తన్నుతోంది. ప్లంబర్‌ను పిలిచి కడ్డీతో పొడిపిస్తే రెండు మూడు నెలలు బాగానే ఉండి, మళ్లీ మొదటికి వస్తోంది. ఈ ఏడాది సందులో ఒకచోట గచ్చు రెండంగుళాల మేర కుంగింది. అక్కడ మాత్రం పగలగొట్టి పీవీసీ ముక్క వేస్తే సరిపోతుందని ఒక ప్లంబర్ అంటున్నాడు. మొత్తం తీసేసి ఆరంగుళాల పైపు వేయాలని మరొకతను అంటున్నాడు. గేటు దగ్గర ఇరవై ఏళ్ల కానుగ చెట్టు ఉంది. గచ్చు కుంగిన చోటికి మా నీళ్ల సంపు నాలుగడుగుల దూరంలో ఉంది. ఎవరి మాట వినాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

విశ్రాంత సైటు ఇంజినీరు:

మీరు చివరలో చెప్పిన సంపు సంగతి ముందుగా చూసుకోవాలండీ. పైపు పగిలి చుట్టూ మట్టి నానినప్పుడు, సంపులో నీటి మట్టం తగ్గిన వేళ ఆ మురుగు సన్నని పగుళ్ల గుండా లోపలికి ఊరుతుంది. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు అని ధీమాగా ఉండకండి. ఆ నీటిని ల్యాబ్‌లో కోలిఫాం (మురుగు కలిసిందని సూచించే బాక్టీరియా) పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా తాగడానికీ వంటకూ వాడకండి. ఊట ఆగకుండా బ్లీచింగ్ పొడి ఎంత వేసినా అది ఆ పూటకే పనిచేస్తుంది.

ఇక పైపు విషయం. స్టోన్‌వేర్ పైపు తనంతట తాను త్వరగా చెడిపోదు, యాసిడ్‌కు కూడా తట్టుకుంటుంది. చెడేది జాయింటు. ఆ రోజుల్లో తారులో ముంచిన జనపనారను కుక్కి, పైన సిమెంటు మాలు పూసేవారు. నేల కొద్దిగా కదిలినా ఆ సిమెంటు చిట్లుతుంది, తడి వెతుక్కుంటూ వచ్చే వేరు ఆ చీలికలో నుంచి దూరుతుంది. ఒక్కో పైపు 60 సెంటీమీటర్లు అనుకుంటే మీ 12 మీటర్లలో ఇరవై దాకా జాయింట్లు ఉంటాయి, అన్నీ ఒకే వయసువి. మూడు మీటర్ల పీవీసీ పైపులతో నాలుగైదు జాయింట్లలో పని ముగుస్తుంది. కాబట్టి ఒక్కచోట అతుకు వేస్తే ఆ పక్క జాయింటు కోసం మళ్లీ గచ్చు పగలగొట్టవలసి వస్తుందన్నది నా అనుభవం.

అయితే తవ్వకానికి ముందు మూడు పనులు చేయండి. ఛాంబర్ పొంగినప్పుడే వీధి మ్యాన్‌హోల్ మూత తీయించి చూడండి. అదీ నిండి ఉంటే తప్పు మీ పైపుది కాదు, జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేయాలి. రెండవది, కెమెరా ఉన్నవారిని పిలిచి లోపల చూపించుకోండి. కెమెరా దొరక్కపోతే పాత పద్ధతి ఉంది: పై ఛాంబర్‌లో టార్చి వెలిగించి, కింది ఛాంబర్‌లో అద్దం పెడితే, లైను తిన్నగా, శుభ్రంగా ఉన్నచోట వెలుగు పూర్తి వృత్తంగా కనబడుతుంది. కుంగిన లైనులో చందమామ తరిగినట్టు కనబడుతుంది. మూడవది, ఇబ్బంది వానాకాలంలోనే ఎందుకు వస్తోందో ఆలోచించండి. డాబా మీది వాన నీటి పైపును ఎవరైనా ఆ ఛాంబర్‌లోకి కలిపారా?

ఆరంగుళాల పైపు సలహాను నేను ఒప్పుకోను. ఒక కుటుంబం వాడే నీరు పెద్ద పైపులో అడుగున పలచగా పారుతుంది కనుక, మలాన్ని మోసుకుపోయే ఊపు ఉండదు. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు వాలు అన్నది మేము సైట్లలో పాటించిన లెక్క. అంటే మీ 12 మీటర్లకు 30 సెంటీమీటర్లు. ముందు వీధి మ్యాన్‌హోల్ లోతు కొలిచి, ఆ వాలు దక్కుతుందో లేదో తేల్చుకున్నాకే మేస్త్రీతో ఖర్చు మాట్లాడండి. భూమిలో వేసే డ్రైనేజీకి ఐఎస్ 15328 ముద్ర ఉన్న పైపు అడగండి, గోడలకు బిగించే పలుచని రకం వద్దు. పైపు కింద, పక్కల రాళ్లు లేని ఇసుక నింపించండి. పూడ్చేముందు కింది చివర బిగించి, లైను నిండా నీళ్లు పోసి, అరగంట తర్వాత మట్టం తగ్గిందేమో మీరే చూడండి. మేస్త్రీలు ఈ పరీక్ష చేయకుండానే తొందరపడి పూడ్చేస్తారు, వారిని ఆపవలసింది మీరే.

డల్లాస్ నుంచి ఒక తెలుగువాడు:

మా ఇంటి లైనుకు తవ్వకుండా లోపల రెసిన్ గొట్టం అమర్చే పద్ధతి వాడారు. 1971లో లండన్‌లో మొదలైన విధానమట. పూల మొక్కలూ నడవా దెబ్బతినలేదు. మీ దగ్గర చిన్న ఇళ్ల లైన్లకు చేసేవారు దొరుకుతారేమో విచారించండి.

విశ్రాంత సైటు ఇంజినీరు:

మంచి పద్ధతే, కానీ ఆ గొట్టం పాత పైపు ఆకారాన్నే అనుసరిస్తుంది. పగులు మూసుకుంటుంది, వేరు ఆగుతుంది, కుంగిన బొజ్జ మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఇంట్లో గచ్చే కుంగింది కనుక తవ్వక తప్పదని నా అభిప్రాయం.

నల్లకుంట పాఠకురాలు:

ఒక్క మాట చేర్చాలనిపించింది. పని తొందరలో ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకి దిగనివ్వకండి. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను ఇలా దింపి మురుగు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు కనుక, వాసన లేదని దిగినవారే పడిపోతారు.

మారేడుపల్లి గృహస్థుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం తవ్వించాము. కుంగిన చోట మూడు జాయింట్లు విడిపోయి ఉన్నాయి, లోపల కానుగ వేళ్లు జడ అల్లినట్టు మూడడుగుల దాకా పాకాయి. డాబా పైపు మాట కూడా నిజమే: పదేళ్ల క్రితం పై అంతస్తు వేసినప్పుడు మేస్త్రీ దాన్ని మధ్య ఛాంబర్‌లోకి కలిపి గచ్చు చేశాడు, మాకెవరికీ గుర్తు లేదు. సంపు నీటిలో కోలిఫాం ఉందని రిపోర్టు వచ్చింది. పది రోజులుగా డబ్బా నీళ్లే వాడుతున్నాము. సంపు ఖాళీ చేయించి లోపలి గోడలకు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నాము. మ్యాన్‌హోల్ లోతు సరిపోయింది, 34 సెంటీమీటర్ల వాలు దొరికింది. వాన నీటికి అదే సందులో ఇంకుడు గుంత తీయించవచ్చునా?

విశ్రాంత సైటు ఇంజినీరు:

ఆ సందులో వద్దు. అక్కడ నేలను తడిపితే కొత్త పైపు కింది ఇసుక కూడా కదులుతుంది, సంపు గోడకు మళ్లీ చెమ్మ పడుతుంది. ముందు వైపు, పునాదికీ సంపుకూ వీలైనంత దూరంగా, కానుగ చెట్టుకు అవతల తీయించండి. ఆ నీళ్లేవో చెట్టు తాగుతుంది.