ప్రేమ అతికించినట్టు లేని క్రైమ్ సినిమాలు చెప్పండి

కావలి కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, రాత్రి ‘ఔట్ ఆఫ్ సైట్’ చూశాను, 1998లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసింది. జార్జ్ క్లూనీ బ్యాంకు దొంగ, జెన్నిఫర్ లోపెజ్ యూఎస్ మార్షల్, అంటే పారిపోయిన నేరస్తుల్ని పట్టుకునే పోలీసు. జైలు నుంచి తప్పించుకుంటూ, అడ్డొచ్చిన ఆమెను కారు డిక్కీలోకి తోసి తనూ పక్కనే పడుకుంటాడు, ఆ ఇరుకులో ఇద్దరూ సినిమాల గురించి మాట్లాడుకుంటారు చూడండి, అక్కడ పడిపోయాను. మేం కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద తీయడానికి ఒక క్రైమ్ షార్ట్ ఫిల్మ్ రాసుకుంటున్నాం. మా హీరోయిన్ వచ్చినప్పుడల్లా కథ ఆగిపోతోంది. తెలుగులో ప్రేమ, నేరం కలిసి నడిచినవి ఏమున్నాయి?

ఒంగోలు సెకండ్ షో:
తమ్ముడూ, ‘క్షణక్షణం’ చూడు. 1991, రామ్‌గోపాల్ వర్మ. శ్రీదేవి మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి, వెంకటేష్ దొంగ, దోపిడీ డబ్బు కోసం పరేష్ రావల్ గ్యాంగు వెంటపడుతుంటుంది. అడవిలో ఆమెకు భయంతో నిద్ర పట్టకపోతే ‘జామురాతిరి’ పాట వస్తుంది. ఆ పాట తీసేస్తే కథే తెగిపోతుంది, ఆమెకు అతని మీద నమ్మకం కుదిరేది అక్కడే మరి.

దర్గామిట్ట శైలు:
శ్రీదేవి నటనకు తిరుగులేదన్నా, నంది కూడా వచ్చింది. కానీ ఆమె వేసిన సత్య చాలాసేపు కేకలు పెడుతూ అతని వెనకాలే పరిగెడుతుంది. ‘ఔట్ ఆఫ్ సైట్’లో లోపెజ్ వేసిన కారెన్ సిస్కోకి డ్యూటీ ఉంది, తుపాకీ ఉంది, అతను నచ్చినా వెంటాడటం మానదు. హోటల్లో, బయట మంచు పడుతుంటే వాళ్ళు మాట్లాడుకునే సీన్‌లోకి ఆ తర్వాత గదిలో జరిగేది ముక్కలు ముక్కలుగా కలిపారు, అబ్బా ఎంత బాగుంటుందో! ఎడిటర్ ఆన్ వి. కోట్స్, 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’కి ఆస్కార్ తీసుకున్నావిడ. తమ్ముడూ, ముందు మీ హీరోయిన్‌కి కథలో పనేందో రాసుకోండి. హీరోకి తెలియనిది ఒకటి ఆమెకు తెలిసుండాలి.

ఒంగోలు సెకండ్ షో:
మామూలు అమ్మాయి అంత గండంలో కేకలు పెట్టకపోతేనే నాకు నమ్మబుద్ధి కాదమ్మా. భయపడుతూనే అంతదూరం వచ్చింది, అది బలం కాదా? హీరోయిన్‌కి పని ఉండాలన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

కావలి కుర్రోడు:
శైలక్కా, దారి దొరికింది! హీరో పోర్టు సరుకు పక్కదారి పట్టించే లారీ డ్రైవర్, అమ్మాయి ఊరికే కాలేజీకి పోయి వస్తుంటుంది. ఇప్పుడు ఆమెను లారీల కాటా దగ్గర బరువులు రాసే ఉద్యోగిని చేస్తున్నాం. బరువులో తేడా ఆమెకే కనబడుతుంది, వాళ్ళ మొదటి మాటలు దాని మీదే. రాత్రి సీన్లు లారీ హెడ్‌లైట్ల వెలుగులో తీయొచ్చా? మా దగ్గర లైట్లు లేవు.

దర్గామిట్ట శైలు:
తీయొచ్చు, వెలుగు మొహం మీద నేరుగా పడకుండా పక్కనుంచి పడేలా చూడండి. రోడ్డు మీద మాత్రం వద్దు, రాత్రంతా లారీలు తిరుగుతుంటాయి, ఎవరిదైనా ఖాళీ యార్డు అడిగి తీసుకోండి.