డెన్మార్క్ రాజుల పేర్లు: ఈ వరస ఎప్పుడు ఆనవాయితీ అయింది?

2005 అక్టోబరులో పుట్టిన డెన్మార్క్ వారసుడికి 2006 జనవరి 21న, బాప్తిస్మం రోజున, క్రిస్టియన్ అని పేరు పెట్టారు. తండ్రి ఫ్రెడరిక్ కాబట్టి ముందే ఊహించిన పేరే.

1513 నుంచి రాజులందర్నీ వరసగా రాసుకున్నాను. క్రిస్టియన్, ఫ్రెడరిక్, మళ్లీ క్రిస్టియన్... 1972లో మార్గరెట్ రాణి వచ్చేదాకా ఎక్కడా తప్పలేదు. మన దగ్గర మనవడికి తాత పేరు పెట్టినట్టే అనుకున్నా. కానీ కుదరట్లేదు. మొదటి ఫ్రెడరిక్, తన ముందున్న రెండో క్రిస్టియన్‌కు కొడుకు కాదు, బాబాయి! నాలుగో క్రిస్టియన్ అయితే 1603లో పుట్టిన వారసుడికి తన పేరే పెట్టాడు. ఆ కొడుకు 1647లో తండ్రికన్నా ముందే పోబట్టి తమ్ముడు ఫ్రెడరిక్ రాజయ్యాడు. అంటే అప్పటికి నియమమేదీ లేనట్టేగా?

వంశవృక్షాలు తిరగేశాను, పేర్లే తప్ప కారణం లేదు. ఏ రాజు కాలం నుంచి ఇలా కావాలని పెడుతున్నారు?