బ్యారెల్ జింక్ ప్లేటింగ్‌లో బోల్టుల మరచుట్లు నల్లబడుతున్నాయి: అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. వరంగల్ దగ్గర మడికొండలో మాకు చిన్న ప్లేటింగ్ షాపు ఉంది. రైస్ మిల్లు యంత్రాలకూ ట్రాక్టర్ ట్రాలీలకూ వాడే బోల్టులకు బ్యారెల్‌లో (ద్రావణంలో తిరిగే చిల్లుల పీపాలో) యాసిడ్ క్లోరైడ్ జింక్ పూత వేస్తాము.

తొట్టిలోంచి తీసినప్పుడు బోల్టులు చక్కగా మెరుస్తూనే ఉంటాయి గాని, అర శాతం నైట్రిక్ యాసిడ్‌లో ముంచగానే మరచుట్ల అంచులు నల్లబడి, ఆ మచ్చలు ట్రైవలెంట్ పాసివేషన్ (జింక్ పూతను కాపాడేందుకు క్రోమియం ద్రావణంలో ముంచడం) తరువాత కూడా మిగిలిపోతున్నాయి. పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య, బోరిక్ యాసిడ్ లీటరుకు 30 గ్రాముల దగ్గర ఉన్నాయి కనుక, బ్యారెల్ నుంచి జారి అడుగున పడిన బోల్టులు కరగడం వల్ల ద్రావణంలో ఇనుము పెరిగిందని నేను గట్టిగా అనుమానిస్తున్నాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఆ ఇనుము ఫెర్రిక్ రూపంలోకి మారి తుప్పురంగు మడ్డిగా విడిపోతుంది, దానిని వడపోయవచ్చు. అయితే మోతాదు మించితే బ్రైట్‌నర్ (పూతకు మెరుపునిచ్చే రసాయనం) కూడా దెబ్బతింటుంది. వెయ్యి లీటర్ల తొట్టికి ఎంత పలుచన చేసి, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి? హల్ సెల్ పరీక్షలో (చిన్న పాత్రలో ఒక పలకపై పూత వేసి ద్రావణం తీరు చూసే పరీక్ష) ఏ గుర్తు కనిపించినప్పుడు ఆపాలి?

మరొక ఇబ్బంది వేసవిది. ఇక్కడి మే నెల ఎండలకు తొట్టి వేడెక్కి, ద్రావణం మసకబారి, బ్రైట్‌నర్ నూనెలా పైకి తేలుతోంది. చిల్లర్ ఖర్చు మా వంటి షాపులకు భారం. మన ప్రాంతంలో పొడి వేడి కనుక, టైటానియం గొట్టాలలో కూలింగ్ టవర్ నీటిని తిప్పితే సరిపోతుందని నా అంచనా. ఉత్తర తెలంగాణలో ఎవరైనా ఈ పద్ధతి వాడుతుంటే, తొట్టి ఎన్ని డిగ్రీల వద్ద నిలుస్తోందో దయచేసి తెలుపగలరా?